దిగేది మానాలో... పని ఉర్లాలో

రాయ్‌పూర్ విమానాశ్రయం ఉన్న మానా, ఊరికి ఆగ్నేయాన ఉంది. ఇనుప మిల్లుల ఉర్లా వాయవ్యాన ఉంది. ఊరంతా ఆ రెంటి మధ్యలో. హైదరాబాద్ నుంచి గాల్లో వచ్చే గంటంపావు ఎవరికీ గుర్తుండదు. కింద దిగాక పట్టే సమయమే అసలు ప్రయాణం.

రాయ్‌పూర్ విమానాశ్రయంలో దిగి, ఊళ్ళో అడుగు పెట్టకుండానే ఉండిపోయిన అతిథి ఒకటుంది. 2015 ఆగస్టు 7న ఢాకా నుంచి మస్కట్ వెళుతున్న బంగ్లాదేశ్ విమానం, యునైటెడ్ ఎయిర్‌వేస్ వారి ఎం.డి.-83, దారిలో ఇంజిన్ చెడి ఇక్కడ హడావిడిగా దిగింది. నూటడెబ్భై మందికి పైగా ఉన్న జనాన్ని ఆ సంస్థే ఇంకో విమానం పంపి తీసుకుపోయింది. విమానం మాత్రం మిగిలిపోయింది. మరుసటి ఏడు సంస్థే మూతపడింది. పదేళ్ళు గడిచి 2025 వచ్చినా అది అక్కడే ఉంది. గంటకు 320 రూపాయల చొప్పున పార్కింగ్ బాకీ పెరిగి పెరిగి నాలుగు కోట్లకు చేరిందని అధికారుల లెక్క. అడిగేవాళ్ళున్నారు గానీ కట్టేవాళ్ళు లేరు.

మిగతా అతిథులకు ఆ సౌకర్యం లేదు. బెల్టు మీద పెట్టె అందుకుని, గాజు తలుపు దాటి బయటికి రావాల్సిందే. వచ్చాక ఎటు వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి అన్న దగ్గర రాయ్‌పూర్ అసలు సంగతి బయటపడుతుంది.

హైదరాబాద్ విమానంలోంచి దిగే గుంపును కాసేపు గమనించండి. ఐఐఎంలోనో ఎన్‌ఐటీలోనో చదువుకునే పిల్లలు కొందరు. టాటీబంధ్‌లోని ఎయిమ్స్‌కు పోయేవాళ్ళు కొందరు. సచివాలయంలో ఫైలు పని ఉండి ఇస్త్రీ చొక్కాల్లో వచ్చినవాళ్ళు ఇంకొందరు. వీళ్ళు కాక మరో రకం ఉంటారు. చేతిలో చిన్న బ్యాగు, కాళ్ళకు మందపాటి బూట్లు, ఫోన్‌లో అప్పటికే టన్ను రేటు మీద బేరం. ఐరన్ కొనడానికి వచ్చిన డీలరు, రోలింగ్ మిల్లు గేర్‌బాక్స్ విప్పి చూడ్డానికి వచ్చిన ఫిట్టరు, స్టాకు లెక్క తేల్చడానికి వచ్చిన ఆడిటరు, పాత మిషన్లు బేరమాడే తుక్కు వ్యాపారి. వీళ్ళెవరికీ నగరంతో పనిలేదు. రాత్రికి హోటలు దొరికితే దొరికింది, లేకపోతే సాయంత్రం విమానానికే వెనక్కి. వీళ్ళు పోయేది ఉర్లాకు, లేకపోతే ఇంకాస్త ముందుకెళ్ళి సిల్తరాకు.

మన వైపు సిమెంటు, ఐరన్ షాపుల్లో ‘రాయ్‌పూర్ మాలు’ అంటే అందరికీ తెలుసు. ఆ మాలు పుట్టిల్లు ఇదే. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి, నెమ్మదిగా తిరిగే పొడుగాటి కొలిమిలో వెయ్యి డిగ్రీల వేడి దగ్గర, ఖనిజం కరిగిపోకుండానే అందులోని ఆక్సిజన్‌ను లాగేస్తారు. మిగిలేది స్పాంజ్ ఐరన్. దాన్ని తుక్కుతో కలిపి ఇండక్షన్ ఫర్నేస్‌లో కరిగించి పోస్తే బిల్లెట్. బిల్లెట్‌ను మళ్ళీ కాల్చి రోలింగ్ మిల్లులో సాగదీస్తే మన ఇళ్ళ స్లాబుల్లోకి పోయే కడ్డీ. ఖనిజంలో మంచి వాటా బస్తర్‌లోని బైలాడిలా కొండలది. ఆ గనులు నడిపే ఎన్‌ఎండీసీ పెద్దాఫీసు మన మాసాబ్‌ట్యాంక్‌లోనే ఉంది. బొగ్గు కోర్బా వైపు నుంచి వస్తుంది. అంటే ఉర్లాకూ హైదరాబాద్‌కూ బంధం కొత్తదేమీ కాదు, రైలు పట్టా మీదా లారీ టైరు మీదా ఏళ్ళ తరబడి నడుస్తున్నదే. విమానం ఈమధ్య వచ్చి చేరింది, అంతే.

మూడు రాయ్‌పూర్‌లు

టాక్సీ ఎక్కగానే డ్రైవరు వేసే మొదటి ప్రశ్న: "సిటీకా, నయా రాయ్‌పూర్‌కా?" అతని లెక్కలో ఆ రెండే జవాబులు. మూడోది చెబితే ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. "ఉర్లా" అనగానే మనసులో కిలోమీటర్లు, లారీలు, ఖాళీగా తిరిగి రావడం అన్నీ లెక్కేసుకుంటాడు. యాప్‌లో బుక్ చేసినవాళ్ళకు ఇదే దృశ్యం ఫోన్‌లో కనిపిస్తుంది. బండి దొరుకుతుంది, ఫోన్ వస్తుంది, "డ్రాప్ ఎక్కడ?" అని అడుగుతారు, ఆ తర్వాత బుకింగ్ మాయమవుతుంది. రాత్రి ఆలస్యంగా దిగినవాళ్ళు టెర్మినల్ లోపలి టాక్సీ కౌంటర్‌లోనే డబ్బు కట్టి రసీదు చేత పట్టుకోవడం మేలు. ధర కాస్త ఎక్కువైనా మాట మారదు. మిల్లువాళ్ళు బండి పంపుతామంటే మొహమాటపడకుండా ఒప్పుకోవడం ఇంకా మేలు.

డ్రైవరు ప్రశ్నలో తప్పులేదు. రాయ్‌పూర్ నిజంగానే ఒక ఊరు కాదు. చెరువులు, పాత బజార్లు, జైస్తంభ్ చౌక్, ఘడీ చౌక్ ఉన్న పాత రాయ్‌పూర్ ఒకటి. ఘడీ చౌక్‌లోని నగర గడియారం గంట కొట్టేముందు ఛత్తీస్‌గఢీ జానపద బాణీ వినిపిస్తుంది. ఆ హారన్ల మోతలో వినగలిగితే బాగుంటుంది కూడా. తూర్పున వెడల్పాటి రోడ్లతో, తక్కువ జనంతో పరుచుకున్న నయా రాయ్‌పూర్ రెండోది. 2018లో దాని పేరుకు అటల్ నగర్ చేరింది. 2014లో రాజధాని నమూనాలు వెతుక్కుంటూ బయల్దేరిన ఆంధ్రప్రదేశ్ బృందం ఇక్కడికీ వచ్చి చూసి వెళ్ళింది. అమరావతి కథలో ఈ ఊరికీ ఓ పేరా ఉంది. ఇక మూడోది ఉత్తరాన పొగగొట్టాల రాయ్‌పూర్. భన్‌పురి, బీర్‌గావ్, ఉర్లా, సిల్తరా. జీతాలు, పన్నులు, లోడులు, పొగ అన్నీ పుట్టేది అక్కడే. విమానాశ్రయం మొదటి రెండిటి మధ్యన కూర్చుంది. మూడోదానికి వీపు పెట్టింది.

అలా కూర్చోబెట్టాలని ఎవరూ పథకం వేయలేదు. అక్కడున్నది రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల మైదానం. ఊరి పేరు మానా. 1964లో తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులు వేలకు వేలు తరలివచ్చినప్పుడు వాళ్ళను ముందుగా దించింది మానా శిబిరాల్లోనే. అక్కడి నుంచి దండకారణ్య ప్రాజెక్టు కింద బస్తర్, కోరాపుట్, మల్కన్‌గిరి అడవుల్లోకి పంపేవారు. వెళ్ళనివాళ్ళూ, వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళూ ఇక్కడే స్థిరపడ్డారు. మానా క్యాంప్ అన్న పేరు నేటికీ ఉంది. విమానాశ్రయం నుంచి సిటీకి ఎలా పోవాలి అన్న ప్రశ్న వాళ్ళకు మరో రకంగా ఎదురైంది. పోవడానికి అనుమతి ఉందా అని.

2012 జనవరి 24న ఈ విమానాశ్రయానికి స్వామి వివేకానంద పేరు పెట్టారు. అదే ఏడాది నవంబరు 7న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ కొత్త టెర్మినల్ ప్రారంభించారు. పేరు ఊరికే పెట్టలేదు. 1877లో, తర్వాత వివేకానందుడైన పద్నాలుగేళ్ళ నరేంద్రుడు తల్లితో, తోబుట్టువులతో కలిసి తండ్రి విశ్వనాథ దత్తా ఉన్న రాయ్‌పూర్‌కు వచ్చాడు. రెండేళ్ళు ఉండి 1879లో కలకత్తాకు తిరిగి వెళ్ళారు. అప్పటికి రాయ్‌పూర్‌కు రైలు లేదు. అది వచ్చింది 1888లో. రైలు ఆగిపోయిన చోటి నుంచి అడవుల్లో ఎడ్లబండి మీద రోజులకు రోజులు ప్రయాణం. తేనెపట్టు వేలాడుతున్న కొండ చరియ చూసి ఆ కుర్రాడు బాహ్యస్మృతి కోల్పోయాడని ఆయన జీవిత చరిత్రకారులు రాసింది ఈ ప్రయాణంలోనే. ఎడ్లబండి మీద వచ్చినవాడి పేరు విమానాశ్రయానికి పెట్టడం చిత్రమే కావచ్చు. కానీ మన దేశంలో విమానాశ్రయాల పేర్లలో స్థలంతో ఇంత నేరుగా బంధం ఉన్నవి ఎన్ని అని లెక్కపెట్టుకుంటే ఇది మెరుగనిపిస్తుంది.

రైలు పట్టాల మీద కారు

మానా నుంచి ఉర్లాకు సుమారు పాతిక కిలోమీటర్లు. తమాషా ఏమిటంటే రెండూ దాదాపు ఒకే జాతీయ రహదారి పక్కనున్నాయి. అది 30వ నెంబరు. ఉత్తరాన సిమ్గా వైపు నుంచి సిల్తరా, ఉర్లా పక్కగా వచ్చి, రాయ్‌పూర్ దాటి, మానా పక్కగా ధమ్‌తరి, జగదల్‌పూర్, సుక్మా, కుంట మీదుగా పోయి భద్రాచలం దగ్గర గోదావరి దాటుతుంది. కొత్తగూడెం, తిరువూరు, మైలవరం తాకుతూ విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. విమానాశ్రయం బయటికొచ్చి ధమ్‌తరి రోడ్డు ఎక్కి తిన్నగా పోతే కృష్ణా తీరం చేరతాం. ఉర్లా వెళ్ళేవాళ్ళు మాత్రం ఉత్తరానికి తిరగాలి, నగరాన్ని ఎలా దాటాలో తేల్చుకోవాలి. దారులు మూడు.

అందరికీ తెలిసింది వీఐపీ రోడ్డు. పేరులోనే ఎవరికోసం వేశారో ఉంది. ఫుండహర్ చౌక్, రామ మందిరం మీదుగా తెలీబాంధా చెరువు దాకా. ఆ చెరువు గట్టును ఊరంతా మెరైన్ డ్రైవ్ అంటారు. రోడ్డుకు అటూ ఇటూ హోటళ్ళు, తోటలు, పెళ్ళిళ్ళ ప్యాలెస్‌లు. మొదటిసారి వచ్చిన అతిథికి ఛత్తీస్‌గఢ్ ఎంత సంపన్నమైన రాష్ట్రమో చూపించాలంటే ఈ దారికి మించింది లేదు. తెలీబాంధా దాటగానే జీ.ఇ. రోడ్డు. గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు అని దాని పాత పేరు. ముంబై, కోల్‌కతాలను కలిపే దారి. అక్కడి నుంచి ఘడీ చౌక్, ఫాఫాడీ, ఖమ్‌తరాయ్, భన్‌పురి. సిటీలో పని ఉన్నవాడికి ఇది హాయైన దారి. ఉర్లా వాడికి మాత్రం ప్రతి చౌక్‌లోనూ ఎర్ర లైటే.

రెండో దారి గురించి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. 1900లో బెంగాల్ నాగపూర్ రైల్వేవాళ్ళు రాయ్‌పూర్ నుంచి ధమ్‌తరికి రెండున్నర అడుగుల నారో గేజ్ లైను వేశారు. అభన్‌పూర్ దగ్గర చీలి రాజిమ్‌కు ఇంకో కొమ్మ. చిన్న పెట్టెలు, చిన్న ఇంజిను. ఊరి నడిబొడ్డు నుంచి బయల్దేరి తెలీబాంధా, మానా, భట్‌గావ్, కేంద్రీ మీదుగా పోయేది. కూరగాయల బుట్టలు, బియ్యం మూటలు, పెళ్ళి గుంపులు, రాజిమ్ పుణ్ని మేళాకు పోయే జనం అందులోనే. అంటే ఈ ఊళ్ళో సిటీ నుంచి మానాకు రైలుండేది. విమానాశ్రయానికి మెట్రో కావాలని పెద్ద నగరాలు కోట్లకు కోట్లు లెక్కలు వేసుకుంటున్న కాలంలో, రాయ్‌పూర్‌కు అప్పటికే పట్టాలున్నాయి. ఎంత చిన్నవైనా ఉన్నాయి.

2017లో రాయ్‌పూర్ వైపు ఆ రైలు ఆగిపోయింది. పట్టాలు తీసేసి ఆ బాట మీదే రైల్వే స్టేషన్ దగ్గర నుంచి ధమ్‌తరి రోడ్డు మీది శదాణీ దర్బార్ దాకా సుమారు పన్నెండు కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే కట్టారు. పేరు అటల్ పథ్. కట్టడం కూడా సాఫీగా సాగలేదు. 2019లో లోపాలు బయటపడి, కట్టినదాన్ని కొంత విప్పి మళ్ళీ కట్టాల్సి వచ్చింది. ఇప్పుడు మాత్రం స్టేషన్ దగ్గర ఎక్కితే సిగ్నళ్ళ బెడద లేకుండా మానా పక్కన తేలుతారు. ఉర్లా నుంచి వచ్చేవాళ్ళకు వరం లాంటిదే.

అయినా నాకు ఈ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక దిగులుంది. ఆ బాట మీద రైలున్నప్పుడు చీరకొంగున పది రూపాయలున్న మనిషి కూడా ఆ దారిన వెళ్ళగలిగేది. ఇప్పుడు సొంత బండో, టాక్సీ డబ్బో ఉండాలి. బ్రాడ్ గేజ్ చేసి, స్టేషన్లు పెంచి, అదే బాటను పల్లెలకూ విమానాశ్రయానికీ ఒకే రైలుగా నిలబెట్టుకుని ఉంటే దేశంలో ఇంకే మధ్యతరహా నగరానికీ లేని సదుపాయం అయ్యేది. రైలు వెనక్కి వచ్చింది, కానీ చుట్టు దారిన. 2025 మార్చి 30న రాయ్‌పూర్ నుంచి మందిర్ హసౌద్, నయా రాయ్‌పూర్, కేంద్రీ మీదుగా అభన్‌పూర్‌కు మెమూ మొదలైంది. టికెట్టు పది రూపాయలు. తర్వాత దాన్ని రాజిమ్ దాకా పొడిగించారు. నయా రాయ్‌పూర్ ఉద్యోగులకు బాగుంది, మేళాకు పోయేవాళ్ళకు ఇంకా బాగుంది. సామాను పట్టుకుని విమానం దిగినవాడికి మాత్రం అది పక్క ఊరి రైలే.

మూడో దారి లారీ డ్రైవర్లది. పచ్‌పేడీ నాకా మీదుగా రింగ్ రోడ్డు ఎక్కి టాటీబంధ్, అక్కడి నుంచి రెండో రింగ్ రోడ్డు మీద గోగావ్ పక్కగా భన్‌పురి. లేకపోతే తూర్పు నుంచి జోరా, విధానసభ మీదుగా ధనేలి వైపు చుట్టు. కిలోమీటర్లు పెరుగుతాయి. పగలంతా ట్రైలర్ల వెనక ట్రైలర్లు. కానీ నగరంలోకి పెద్ద బండ్లను వదలని వేళల్లో ఇక్కడ ఎంత రద్దీ ఉంటుందో, వదిలే వేళల్లో భన్‌పురి వైపు అంత రద్దీ. ఉర్లాకు తరచూ తిరిగే డ్రైవర్లు ఫోన్ మ్యాపు చూడరు, గడియారం చూస్తారు.

ఎవరికోసం వేసిన దారి?

విమానాశ్రయం నుంచి ఏ వైపు రోడ్డు ముందు బాగుపడుతుందో చూస్తే, ఆ ఊరు ఎవరిని అతిథి అనుకుంటోందో తెలుస్తుంది. రాయ్‌పూర్‌లో వీఐపీ రోడ్డు మంత్రుల కోసం, పెళ్ళిళ్ళ కోసం. మందిర్ హసౌద్ వైపు నున్నటి రోడ్లు సచివాలయం కోసం, క్రికెట్ స్టేడియం కోసం. 2016 నవంబరు 1న ప్రధాని ప్రారంభించిన బీఆర్‌టీ బస్సులూ నయా రాయ్‌పూర్ కోసమే. ఉర్లా వైపు చూడ్డానికి మాత్రం ఎవరికీ తోచలేదు.

ఈ మాట రాయ్‌పూర్‌ను వేలెత్తి చూపడానికి కాదు. మన దగ్గర జరిగింది చూడండి. 2008 మార్చిలో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచాక ముందు వచ్చింది పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే. 2009 అక్టోబరులో, పదకొండున్నర కిలోమీటర్ల పొడుగున, మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా కింద ఊరును తాకకుండా పోయే దారి. తర్వాత మెట్రో. 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి శంషాబాద్ మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. రేవంత్ రెడ్డి ఆ దారిని పక్కన పెట్టి, నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వేయాలన్నారు. ఐటీ కారిడార్‌లో ఉండేవాళ్ళకు సొంత కార్లు, ఔటర్ రింగ్ రోడ్డు ఎలాగూ ఉన్నాయన్నది ఆయన వాదన. దీని వెనక ఎంత రాజకీయం ఉందో ఎవరి లెక్క వాళ్ళది. ప్రశ్న మాత్రం సరైనదే: విమానం దిగినవాడు ఎక్కడికి పోతున్నాడు?

నిజానికి శంషాబాద్‌లో రాత్రి రెండింటికి వెళ్ళి చూడండి. దుబాయ్, దోహా, మస్కట్ నుంచి దిగినవాళ్ళ కోసం జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వచ్చిన కిరాయి బండ్లు బారులు తీరి ఉంటాయి. పిల్లలు నిద్రకళ్ళతో బావురుమంటుంటారు. నాయనను గుర్తుపట్టాలి కదా. వాళ్ళకు సిటీ సెంటరు ఎక్కడుందో అక్కర్లేదు. విమానాశ్రయాల్లో దిగే జనంలో ఇలాంటివాళ్ళ వాటా పెద్దదే. అయినా ఎయిర్‌పోర్ట్ రవాణా అనగానే ప్రణాళికలు గీసేవాళ్ళకు ల్యాప్‌టాప్ భుజాన వేసుకుని హోటలుకు పోయే ఒక్క మనిషే కనిపిస్తాడు.

చివరి నాలుగు కిలోమీటర్లు

భన్‌పురి దాటాక దృశ్యం మారిపోతుంది. చెట్ల ఆకులు నల్లగా ఉంటాయి. డాబాల ముందు కుర్చీలు తుడవకుండా ఎవరూ కూర్చోరు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన గాలి కాలుష్యం జాబితాలో రాయ్‌పూర్ ప్రపంచంలోనే ఏడోది. అందులో ఉర్లా, సిల్తరాల వాటా ఎంతో చెప్పడానికి పరికరం అక్కర్లేదు. ఒక పగలు అక్కడ గడిపి సాయంత్రం తెల్ల చేతిగుడ్డతో మొహం తుడుచుకుంటే చాలు. మిల్లువాళ్ళకు ఇది అలవాటే, వచ్చినవాళ్ళకే కొత్త. ఆస్తమా ఉన్నవాళ్ళు మాస్కు దగ్గర పెట్టుకోవాలి.

ఉర్లా ఒక్క పేరే అయినా లోపల సందులు చాలా. మ్యాపులో మిల్లు పేరు కొడితే అదే పేరుతో ఇంకో యూనిట్ సిల్తరాలోనూ ఉంటుంది. గ్రూపులన్నీ అంతే. ఒకటికి ఫలానా ఇస్పాత్ అని, ఇంకోదానికి ఫలానా ఫెర్రో అని. డ్రైవరు తీసుకెళ్ళి గేటు ముందు నిలబెడతాడు, వాచ్‌మన్ రిజిస్టరులో మన పేరు లేదంటాడు, అప్పుడు తెలుస్తుంది ఇంకో గేటని. అందుకే మిల్లువాళ్ళను అడగాల్సింది చిరునామా కాదు, పక్కనున్న ధరమ్‌కాంటా పేరు. లారీలు తూకం వేసుకునే కాటాలు ప్రతి డ్రైవరుకూ తెలుసు. ఇక్కడ దారి చెప్పడానికి గుళ్ళకంటే కాటాలే పనికొస్తాయి.

బస్సు మీద ఆధారపడదామనుకునేవాళ్ళకు ఓ మాట. 2021లో పాత పండరీ బస్టాండ్ బదులు ఊరి దక్షిణాన భాఠాగావ్‌లో పెద్ద అంతర్రాష్ట్ర టెర్మినల్ తెరిచారు. జగదల్‌పూర్, హైదరాబాద్ వైపు నుంచి రోడ్డు మీద వచ్చేవాళ్ళు దిగేది అక్కడే. ఊరి లోపల బస్సుల కొరత మాత్రం పాత జబ్బు. పీఎం ఈ-బస్ సేవ కింద ఛత్తీస్‌గఢ్‌కు కేటాయించిన 240 కరెంటు బస్సుల్లో 100 రాయ్‌పూర్‌వి. వాటిలో నాలుగింటిని మానా నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా స్టేషన్, స్టేషన్ నుంచి భన్‌పురి, ఉర్లా, సిల్తరా దాకా, మిల్లుల షిఫ్టు వేళలకూ విమానాల వేళలకూ సరిపెట్టి నడిపితే టాక్సీల కోసం ఎదురుచూసే ఫిట్టరుకూ, రోజూ షేర్ ఆటోలో వేలాడుతూ వెళ్ళే మిల్లు కార్మికుడికీ ఒకే బస్సు దొరుకుతుంది. కాగితం మీద గీస్తే తిన్నని గీత.

విశాఖ వైపు నుంచి

ఉత్తరాంధ్ర వాళ్ళకు ఈ గొడవంతా అక్కర్లేదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్‌కు లైను 1931 నాటికే పూర్తయింది. ఆ లైను వెంబడి రైల్వే కొలువులకు వచ్చిన తెలుగు కుటుంబాలు రాయ్‌పూర్‌లోనూ భిలాయిలోనూ తరాలుగా ఉన్నాయి. సమతా ఎక్స్‌ప్రెస్ తెలియని విశాఖ కుటుంబం ఉండదు. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖల మధ్య వందే భారత్ కూడా తిరుగుతోంది. మధ్యాహ్నం విశాఖలో ఎక్కితే రాత్రి పదింటికల్లా రాయ్‌పూర్. రైలు దించేది సరిగ్గా ఊరి మధ్యలో, ఉర్లాకు సగం దారిలో. స్టేషన్ దాటి ఉత్తరానికి తిరిగితే వ్యాగన్ రిపేర్ షాపు కాలనీ వస్తుంది. డబ్ల్యూఆర్‌ఎస్ అంటారు. దసరాకు అక్కడ కాల్చే రావణుడి బొమ్మ చూడ్డానికి ఊరంతా వస్తుంది. ఆ దారినే పోతే భన్‌పురి. బిలాస్‌పూర్ వైపు పోయే లోకల్ మెమూలు ఉర్‌కురాలో ఆగుతాయి కూడా. కాకపోతే అక్కడ దిగి ఆటో వెతుక్కోవాలి, రాత్రిపూట ఆ సాహసం వద్దు.

విశాఖ, రాయ్‌పూర్‌ల మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి కూడా వేస్తున్నారు. అభన్‌పూర్ దగ్గర మొదలై సబ్బవరం దగ్గర తేలుతుంది. అది పూర్తయితే ఉర్లా బిల్లెట్ విశాఖ రేవుకు చేరే సమయం బాగా తగ్గుతుంది. మనిషికి కూడా లెక్క మారుతుంది. కారులో ఒక్క పగల్లో వచ్చేయొచ్చు. కానీ అభన్‌పూర్ చేరాక మళ్ళీ అదే ప్రశ్న, నగరాన్ని ఎటువైపు నుంచి దాటాలని.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు ఆలస్యమైతే మిల్లువాడు ఎదురుచూస్తాడు. వెళ్ళేటప్పుడు ఆలస్యమైతే విమానం చూడదు. సాయంత్రం విమానమున్నవాళ్ళు ఉర్లా నుంచి రెండున్నర గంటల ముందు కదలడం మామూలు లెక్క. షిఫ్టు మారే వేళకు గేట్ల ముందు సైకిళ్ళు, మోటార్‌సైకిళ్ళు ఒక్కసారిగా రోడ్డెక్కుతాయి. అదే సమయానికి బీర్‌గావ్ దగ్గర ట్రైలరు ఒకటి అడ్డం తిరిగితే అంతే. బిల్లు మీద సంతకం, టీ, మరో టీ, ‘భోంచేసి వెళ్ళండి’ అన్న మర్యాద, ఇవన్నీ ఆ రెండున్నర గంటల్లో లేవు. ముందే ముగించుకోవాలి.

మాఘం నుంచి వైశాఖం దాకా, మళ్ళీ దీపావళి వెళ్ళాక పెళ్ళిళ్ళ రోజుల్లో ఇంకో అరగంట కలుపుకోండి. వీఐపీ రోడ్డు మీది ప్యాలెస్‌లన్నిటికీ ఒకే ముహూర్తానికి బారాత్‌లు బయల్దేరతాయి. గుర్రం మీద పెళ్ళికొడుకు, ముందు డీజే బండి, దాని ముందు మామయ్యల డాన్సు. వెనక విమానాశ్రయం వైపు పోయే బండ్ల వరస. పెళ్ళివారికి హారన్ కూడా మేళంలో భాగమే, ఎంత కొట్టినా కదలరు. ఆ సాయంత్రాల్లో ఉర్లా డ్రైవర్లు తెలీబాంధా వైపు బండి తిప్పనే తిప్పరు. ఫాఫాడీ దాటగానే ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి, శదాణీ దర్బార్ దగ్గర దిగి, ధమ్‌తరి రోడ్డు వైపు నుంచి మానా చేరుస్తారు.